ఊరు మొత్తం చదివితే దొరికిన విలియం: ఒక ఇంగ్లిష్ పల్లె పారిష్ రికార్డుల కేస్ స్టడీ

నేను ఇంగ్లండ్‌లో ఉంటూ కుటుంబ చరిత్రలు వెతికిపెట్టే పని చేస్తాను, ఎక్కువగా విల్ట్‌షైర్ కౌంటీ పల్లెలవి. ఈ కేసు గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. దీని మీద నాలుగు నెలలు తప్పు చోట వెతికాను, కావలసిన ఆధారం మాత్రం మొదటి రోజు నుంచీ నా టేబుల్ మీదే ఉంది. క్లయింట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, మనుషుల మొదటి పేర్లు మార్చాను, ఇంటిపేర్ల బదులు 'క', 'గ', 'చ' అని అక్షరాలు వాడతాను.

నేపథ్యం

ఈ రికార్డులు ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్‌లో పారిష్ అంటే ఒక చర్చి, ఆ చర్చి కిందికి వచ్చే ఊరు, చుట్టూ పొలాలు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు ప్రతి పారిష్‌లోనూ పుస్తకంలో రాసిపెట్టాలని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ ఆదేశం ఇచ్చాడు. 1598 నుంచి ఏటా దానికి నకలు రాసి బిషప్‌కు పంపే ఏర్పాటు వచ్చింది. 1754 నుంచి పెళ్లిళ్లకు విడిగా ఒక పద్ధతిలో రిజిస్టర్, అందులో వధూవరుల సంతకాలు, సాక్షుల సంతకాలు, రాయడం రానివాళ్లయితే ఇంటూ గుర్తు. 1813 జనవరి 1 నుంచి బాప్తిస్మాలకూ భూస్థాపనలకూ అచ్చు ఫారాలు వచ్చాయి, వీటివల్ల తండ్రి వృత్తి, ఉండే చోటు, చనిపోయినవారి వయసు తెలుస్తాయి. ప్రభుత్వం జనన మరణాల రిజిస్ట్రేషన్ మొదలుపెట్టింది 1837 జూలై 1న. ఈ తేదీలన్నీ వరసగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ కేసులో వచ్చిన చిక్కుల్లో చాలావరకు వీటిలో ఏదో ఒక తేదీకి కాస్త ముందు పడ్డం వల్ల వచ్చినవే.

మన ఇళ్లలో తద్దినం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చదువుతారు. ఈ కేసులో మనిషి సరిగ్గా దాని పై తరంవాడు, క్లయింట్ ముత్తాత తండ్రి విలియం. విల్ట్‌షైర్ గడ్డి మెట్టల మధ్య ఉన్న చిన్న పారిష్, జనాభా 300 చిల్లర. ఆయన వ్యవసాయ కూలీ. 1830ల్లో ఆ కౌంటీలో కూలీకి వారానికి 7, 8 షిల్లింగులు వస్తే ఎక్కువ. 1830 నవంబరులో నూర్పిడి యంత్రాలను పగలగొట్టిన తిరుగుబాటు ఆ కౌంటీని గట్టిగా తాకింది కూడా. భూమి లేదు, వీలునామా లేదు, సమాధి రాయి లేదు. అలాంటి మనిషి పేరు కాగితం మీదికి వచ్చేది బాప్తిస్మానికి ఒకసారి, పెళ్లికి ఒకసారి, చావుకి ఒకసారి, పదేళ్లకోసారి జనాభా లెక్కల్లో, ఇక కష్టం వచ్చి పారిష్‌ను సాయం అడిగినప్పుడు. ఈ చివరిదే మిగతా అన్నింటికంటే ఎక్కువ మాట్లాడుతుంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు, అయినా ఈ కేసులో అక్కడికి చివరనే వెళ్లాను.

వచ్చిన సమస్య

క్లయింట్ రిటైరైన టీచరు, డెబ్బై దాటిన ఆవిడ. పుట్టింటి ఇంటిపేరు 'క'. ఆవిడ నా దగ్గరకు వచ్చేటప్పటికే వంశవృక్షం చాలా పైకి గీసి, మనవలకు ఇవ్వడానికి చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించి పెట్టుకున్నారు. ముత్తాత తండ్రి విలియం 'క', ఆయన తండ్రి థామస్ 'క', ఆరు మైళ్ల దూరంలో ఉన్న పక్క పారిష్ వాడు. థామస్ తండ్రి ఎవరో తేల్చమని ఆవిడ అడిగారు, అంతే.

ఏ కేసులోనైనా ఒక మెట్టు పైకి ఎక్కే ముందు కింద మెట్టు గట్టిగా ఉందా లేదా అని తట్టి చూస్తాను. ఇక్కడ ఆ కింద మెట్టుకు ఆధారం ఏమిటి అని అడిగితే, ఆన్‌లైన్‌లో పదకొండు వంశవృక్షాల్లో అలాగే ఉంది అన్నారు. పదకొండూ తెరిచి చూశాను. అన్నింటిలోనూ ఒకే తేదీ, ఒకే వాక్యం, ఒకే అక్షరదోషం. అంటే పదకొండుమంది సాక్ష్యం చెప్పినట్టు కాదు, ఒకరు రాసిన మాటను పదిమంది ఎత్తి రాసుకున్నారు.

విలియం గురించి గట్టిగా తెలిసినవి ఇవి. 1841 జూన్‌ లెక్కల్లో వయసు 25, పుట్టింది ఇదే కౌంటీలో. (ఆ ఏడాది పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందికి, దగ్గరి అయిదుకు దించి రాయమన్నారు, కాబట్టి అది 25 నుంచి 29 దాకా ఏదైనా కావచ్చు.) 1851 మార్చి 30న 36, పుట్టింది ఇదే పారిష్‌లో. 1861లో 46, పుట్టింది పక్క పారిష్‌లో. 1871లో 56, మళ్లీ ఇదే పారిష్. వయసులు ఇంత చక్కగా కలవడం అరుదు, 1814 వసంతకాలానికీ 1815 వసంతకాలానికీ మధ్య పుట్టాడని అన్నీ ఒకే మాట చెప్తున్నాయి. పెళ్లి 1836 అక్టోబరులో. ఇంకో తొమ్మిది నెలలు ఆగి చేసుకుని ఉంటే రిజిస్టర్‌లో తండ్రి పేరు, వృత్తి రాసే గడులు ఉండేవి, నాకు పనే ఉండేది కాదు. 1836 ఫారంలో అవి లేవు. వధూవరులిద్దరూ ఇంటూ గుర్తులు పెట్టారు. భార్య ఇంటిపేరు 'చ'. సాక్షులు రాబర్ట్ 'క', జేమ్స్ 'గ', వాళ్లవీ గుర్తులే.

ముందు చేసిన పని, అది ఎందుకు సరిపోలేదు

పదకొండు వృక్షాలూ పట్టుకున్నది పక్క పారిష్‌లో 1814లో బాప్తిస్మం పొందిన విలియంను, థామస్, మేరీల కొడుకు. పేరు కలిసింది, ఏడాది కలిసింది, 1861 లెక్కల్లో ఆ పారిష్ పేరు కూడా ఉంది. చూడగానే నమ్మేయాలనిపిస్తుంది. కానీ ఒక పిల్లవాడిని మన పూర్వీకుడు అని రాసుకునే ముందు వాడు పెరిగి పెద్దవాడయ్యాడా అని చూసుకోవాలి. ఆ పారిష్ భూస్థాపనల రిజిస్టర్ తెరిస్తే పది నిమిషాల్లో దొరికాడు: 1816, విలియం 'క', వయసు ఏడాదీ పది నెలలు. 1813 తర్వాతి ఫారం కాబట్టి వయసు రాశారు, లేకపోతే ఇంకా వాదన మిగిలేది.

ఆ తల్లిదండ్రులే 1818లో పుట్టిన ఇంకో కొడుక్కి మళ్లీ విలియం అని పెట్టారు. చనిపోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ మామూలే. ఆ రెండోవాడే మనవాడేమో, బాప్తిస్మం తేదీకి వయసు కలవకపోయినా ఏదో పొరపాటేమో అని అనుమానం రావచ్చు కదా, అందుకని అతన్ని కూడా చివరిదాకా వెంబడించాను. 1851లో పక్క పారిష్‌లోనే వేరే భార్యతో, వేరే పిల్లలతో ఉన్నాడు. కాబట్టి ఇద్దరు విలియంలూ మన మనిషి కాదు. క్లయింట్ అచ్చు వేయించిన పుస్తకంలో విలియం పై తరం, అంటే థామస్, వేరే కుటుంబానిది.

ఆ మాట ఆవిడకు చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది. థామస్ గురించి ఆవిడ ప్రేమగా రాసుకున్నారు. అయినా ముందే చెప్పాను, పూర్తి జవాబు దొరికేదాకా ఆగలేదు, ఎందుకంటే తప్పని తెలిశాక దాన్ని నా దగ్గర దాచుకుని ఆవిడ డబ్బుతో పని కొనసాగించడం నాకు సరి అనిపించలేదు.

నేను విఫలమైన నాలుగు నెలలు

అప్పటినుంచి నా లెక్క ఇలా నడిచింది: విలియం 'క' ఉన్నాడు, బాప్తిస్మం కనబడలేదు, కాబట్టి అది వేరే చోట ఉండాలి. సొంత పారిష్ రిజిస్టర్‌లో 1813 నుంచి 1816 దాకా 'క' ఇంటిపేరుతో విలియం లేడు. చిప్పెన్‌హామ్‌లోని విల్ట్‌షైర్ అండ్ స్విన్‌డన్ హిస్టరీ సెంటర్‌లో బిషప్ నకళ్లు చూశాను, రిజిస్టర్‌లో మర్చిపోయినవి ఒక్కోసారి నకలులో ఉంటాయి. లేదు. చుట్టూ పది మైళ్లలోపు పారిష్‌లన్నీ చూశాను. లేదు. పారిష్ చర్చికి బయట ఉన్న మెథడిస్టులు, బాప్టిస్టులు కావచ్చేమో అని, 1837 తర్వాత ప్రభుత్వం సేకరించిన వాళ్ల రిజిస్టర్లు, ఇప్పుడు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నవి, అవీ చూశాను. లేదు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నాడేమో అని 1840 దాకా వెళ్లాను. లేదు.

సొంత పారిష్‌లోనే ఒక 'క' కుటుంబం ఉంది, పెళ్లిలో సాక్షిగా గుర్తు పెట్టిన రాబర్ట్‌ది. అతనూ భార్య యాన్, 1818 నుంచి పిల్లలు. వాళ్ల పెళ్లి 1817లో. నా నోట్‌బుక్‌లో వాళ్ల పక్కన "పెళ్లి విలియం పుట్టిన తర్వాత, కాబట్టి తల్లిదండ్రులు కారు, బహుశా పెదనాన్న లేదా బాబాయి" అని రాసి గీత కొట్టేశాను. లెక్కగా చూస్తే అది తప్పు కాదు. కానీ ఆ గీత కొట్టడంతో రాబర్ట్ నా ఆలోచనలోంచే వెళ్లిపోయాడు.

ఇంకా పెద్ద పొరపాటు ఒకటుంది. 1851 లెక్కల్లో విలియం ఇంట్లో భార్యాపిల్లలతో పాటు ఒక ముసలాయన ఉన్నాడు: రాబర్ట్ 'క', భార్య పోయినవాడు, వయసు 64, ఇంటి యజమానికి ఏమవుతాడు అన్న గడిలో "ఫాదర్-ఇన్-లా". ఫాదర్-ఇన్-లా అంటే మామగారు. మామగారైతే ఇంటిపేరు 'చ' కావాలి, 'క' ఎలా అవుతుంది? భార్య కూడా 'క' కుటుంబంలోనే పుట్టిందా అని పిల్లల జననాలు చూశాను. జనన మరణాల నమోదు చూసే ప్రభుత్వ జనరల్ రిజిస్టర్ ఆఫీస్ 2016లో పెట్టిన కొత్త ఆన్‌లైన్ సూచికలో 1837 నుంచీ తల్లి పుట్టింటి పేరు ఉంటుంది, అన్నింటికీ 'చ' అనే ఉంది. సరే, ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసే ఎన్యూమరేటర్ తొందరలో తప్పు రాశాడు, "అంకుల్" అనబోయి అలా రాసుంటాడు అని ముందుకు వెళ్లిపోయాను. ఆన్‌లైన్ వృక్షాల్లో కూడా దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు దిద్దుకున్నారు.

రికార్డులో మనకు అర్థంకాని మాట కనబడితే దాన్ని తప్పు అని తీసేయడం చాలా సులువు. ఎన్యూమరేటర్ ఆ ఇంటి గడప దగ్గర నిలబడినవాడు, నేను నూట డెబ్బై ఏళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని. అతని మాట కొట్టేయాలంటే నా దగ్గర చాలా గట్టి కారణం ఉండాలి, నాకు ఉన్నది అయోమయం మాత్రమే.

డీఎన్ఏ పరీక్ష కూడా చేయించాం. ఆవిడకు కలిసిన దూరపు బంధువుల్లో అదే ప్రాంతపు 'గ' కుటుంబాలవాళ్లు ఒక గుంపుగా వచ్చారు. వాళ్లు విలియం భార్య వైపు నుంచి అయ్యుంటారని పక్కన పెట్టాను. ఎందుకలా అనుకున్నానని ఇప్పుడు నా నోట్స్ చూస్తే ఏ ఆధారమూ రాసిలేదు.

దారి మారిన చోటు

నాలుగో నెల చివర్లో ప్రశ్నను తిరగేశాను. అప్పటిదాకా "విలియం 'క' ఎక్కడ పుట్టాడు" అని అడుగుతున్నాను. అది ఇంటిపేరు మీద ఆధారపడ్డ ప్రశ్న, ఆ ఇంటిపేరే మనిషికి తర్వాత వచ్చుంటే ప్రశ్న మొత్తం పనికిరాదు. ఈసారి "ఈ ఊళ్లో ఆ రోజుల్లో పుట్టిన విలియంలు ఎవరెవరు, ఒక్కొక్కడూ ఏమయ్యాడు" అని అడిగాను. సెర్చ్ పెట్టె మూసేసి, బాప్తిస్మాల రిజిస్టర్ ఫొటోలు 1813 నుంచి 1815 చివరిదాకా వరస వరస చదివాను. చిన్న ఊరు కాబట్టి మూడేళ్లకు 31 బాప్తిస్మాలే ఉన్నాయి. వాటిలో విలియంలు 5. ఇద్దరు పసితనంలోనే పోయారు, భూస్థాపన ఉంది. ఇద్దరు తమ ఇంటిపేర్లతోనే 1841, 1851 లెక్కల్లో కనబడతారు. మిగిలినవాడు ఒక్కడు. 1814 సెప్టెంబరు, విలియం, తల్లి యాన్ 'గ', తండ్రి పేరు లేదు, వృత్తి గడిలో "పెళ్లికాని స్త్రీ" అని ఉంది.

ఈ విలియం 'గ'కు భూస్థాపన లేదు, పెళ్లి లేదు, ఏ జనాభా లెక్కల్లోనూ ఆ పేరుతో మనిషి లేడు. ఒక విలియం పుట్టి మాయమయ్యాడు, అదే వయసు విలియం ఒకడు పుట్టుక లేకుండా వచ్చి నిలబడ్డాడు. యాన్ 'గ' ఏమైందని పెళ్లిళ్ల రిజిస్టర్ తిప్పితే, 1817లో ఇదే చర్చిలో రాబర్ట్ 'క'ను పెళ్లి చేసుకుంది. నేను గీత కొట్టేసిన రాబర్ట్.

అప్పుడు అర్థమైంది ఆ ఫాదర్-ఇన్-లా. ఆ కాలపు ఇంగ్లిష్‌లో ఆ మాటకు రెండు అర్థాలున్నాయి, భార్య తండ్రి ఒకటి, తల్లిని పెళ్లి చేసుకున్న మారుతండ్రి రెండోది. సవతి పిల్లలను కూడా సన్-ఇన్-లా, డాటర్-ఇన్-లా అని రాసేవాళ్లు. మనకు మామగారు వేరు, మారుతండ్రి వేరు, మేనమామ వేరు, ఒక్కో బంధానికి ఒక్కో మాట ఉంది కాబట్టి ఒకే మాట రెంటికీ వాడతారని తట్టలేదు అనుకోవచ్చు, కానీ ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్న నేను అది చదివే ఉన్నాను, గుర్తు తెచ్చుకోలేదు. ఎన్యూమరేటర్ రాసింది అక్షరాలా నిజం.

పెళ్లిలో రెండో సాక్షి జేమ్స్ 'గ' ఎవరో అప్పుడు వెతికాను. యాన్ తమ్ముడు, అంటే విలియంకు మేనమామ. ఒక పక్క మారుతండ్రి, ఒక పక్క మేనమామ నిలబడి పెళ్లి చేయించారు. మన పెళ్లిళ్లలో మేనమామకు ఉండే స్థానం తెలిసినదాన్ని, ఆ రెండు ఇంటూ గుర్తులను మొదటిరోజే ఇంకాస్త సేపు చూసి ఉండాల్సింది.

ఋజువు

ఇంతవరకూ కథ బాగా అతికింది, కానీ అతకడం ఋజువు కాదు. విలియం 'గ' వేరే కౌంటీకి వెళ్లి చనిపోయి ఉండొచ్చు కదా. ఇద్దరూ ఒకడే అని ఆ కాలపు కాగితం ఒకటైనా చెప్పాలి. అలా చెప్పేది ఎక్కడ ఉంటుందని ఆలోచిస్తే, పేదల చట్టం దగ్గరకు రావాల్సిందే.

1601 చట్టం ప్రకారం పేదలను పోషించే బాధ్యత పారిష్‌ది. ఊళ్లో పన్ను వసూలుచేసి పంచే మనిషిని ఓవర్సీర్ అంటారు, మన రోడ్లు, కాలవల ఓవర్సీర్‌తో కలపకండి. 1662 చట్టంతో ఎవరు ఏ పారిష్‌కు చెందుతారు అన్నది పెద్ద విషయమైంది, దాన్నే సెటిల్‌మెంట్ అంటారు. పెళ్లికాని పనివాడు ఒకచోట ఏడాదికి కుదిరి ఏడాదంతా పనిచేస్తే ఆ పారిష్ సెటిల్‌మెంట్ వస్తుంది. అప్రెంటిస్‌గా చేరినా వస్తుంది, ఏడాదికి పది పౌండ్ల అద్దె ఇల్లో పొలమో తీసుకున్నా వస్తుంది. భార్యకు భర్తది. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డకు మాత్రం, 1834 దాకా, పుట్టిన చోటే సెటిల్‌మెంట్. ఇక్కడ ఒక క్రూరమైన సంగతి ఉంది. బిడ్డ ఎక్కడ పుడితే ఆ పారిష్ మీద భారం పడుతుంది కాబట్టి, నెలలు నిండుతున్న పెళ్లికాని అమ్మాయిని ముందే ఆమె సొంత పారిష్‌కు పంపేసేవాళ్లు. 1795లో చట్టం కాస్త మెత్తబడి, నిజంగా సాయం అడిగేదాకా పేదలను వెళ్లగొట్టకూడదు అంది, కానీ గర్భంతో ఉన్న పెళ్లికాని స్త్రీని మాత్రం సాయం అడిగినట్టే లెక్కేయమంది.

సాయం అడిగినవాళ్లను ఇద్దరు మేజిస్ట్రేట్‌ల ముందు కూర్చోబెట్టి జీవితమంతా చెప్పించి రాసేవాళ్లు. అదే సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్. కూలీ మనిషి గొంతు వినిపించే కాగితం ఆ రికార్డులన్నింటిలో బహుశా ఇదొక్కటే. ఈ వాంగ్మూలాలకు పేర్ల సూచిక ఒకటుంది, మొదటి నెలలోనే 'క' కింద చూసి లేదని మూసేశాను. ఇప్పుడు 'గ' కింద చూశాను. విలియం 'గ', 1834 జనవరి, మూడో పారిష్ కాగితాల కట్టలో.

చిప్పెన్‌హామ్ వెళ్లి ఆ కట్ట విప్పించుకున్నాను. ఒకే పేజీ. వయసు పందొమ్మిది లేదా ఆ దరిదాపు. పనిలో కాలు దెబ్బతిని మంచాన పడ్డాడు, అందుకే సాయం అడిగాడు. తాను విన్నదాన్నిబట్టి, నమ్ముతున్నదాన్నిబట్టి ఫలానా పారిష్‌లో పుట్టానని, యాన్ 'గ'కు పెళ్లికాకముందు పుట్టిన కొడుకునని, ఆమె ఇప్పుడు రాబర్ట్ 'క' భార్య అని, తనను అందరూ 'క' అనే పిలుస్తారని, ఎక్కడా ఏడాదికి కుదరలేదని. కింద ఇంటూ గుర్తు. సూచిక తయారుచేసినవాళ్లు చట్టపరమైన పేరు పట్టుకుని 'గ' కింద వేశారు, అది వాళ్ల తప్పు కాదు, తల్లి ఇంటిపేరుతో కూడా చూడాలన్న ఊహ నాకు రాకపోవడమే లోపం.

ఆ పేజీతో వాదన తీరిపోయింది. తర్వాత సొంత పారిష్ కాగితాలు కూడా చూశాను. 1814 వేసవిలో యాన్‌ను పక్క పారిష్ నుంచి పంపించేసిన ఉత్తర్వు ఉంది. అక్కడ ఒక ఫార్మ్‌లో పనిమనిషిగా ఉండేది. 1861 లెక్కల్లో విలియం పుట్టిన చోటుగా పక్క పారిష్ పేరు ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి ఊహించొచ్చు, తల్లి అక్కడి మాటలు చెప్పి ఉంటుంది, కానీ అది నా ఊహ మాత్రమే, రిపోర్టులో అలాగే రాశాను. తండ్రి ఎవరో ప్రమాణం చేసి యాన్ చెప్పిన వాంగ్మూలం కూడా ఉంది, పక్క పారిష్ బండివాడి పేరు. దాన్ని వంశవృక్షంలో తండ్రి అని ఎక్కించలేదు, "తల్లి ప్రమాణం మీద చెప్పిన పేరు" అని రాశాను. భయపెట్టి చెప్పించిన వాంగ్మూలాలు కూడా ఉంటాయి, ఆమెను ఎంతమంది చుట్టూ నిలబడి అడిగారో మనం చూడలేదు. డీఎన్ఏలో 'గ' గుంపు యాన్ అన్నదమ్ముల సంతానమని తేలింది, అది పక్కాగా కలిసింది. బండివాడి కుటుంబం విషయంలో ఎటూ చెప్పేంత కలయికలు రాలేదు.

నన్ను ఎక్కువగా కదిలించింది ఓవర్సీర్ లెక్కల పుస్తకం. 1814 శరదృతువు నుంచి ప్రతి వారం ఒకే వరస, "యాన్ 'గ' బిడ్డకు 1 షిల్లింగ్ 6 పెన్నీలు". 1817లో పెళ్లయిన వారం నుంచి ఆ వరస లేదు. భార్యకు ముందే ఉన్న పిల్లలను పదహారేళ్లదాకా పోషించాలని చట్టం భర్త మీద బాధ్యత పెట్టింది 1834లో. 1817లో రాబర్ట్ మీద ఆ బాధ్యత లేదు, పారిష్ డబ్బు అడుగుతూ ఉండొచ్చు. లెక్కల పుస్తకంలో ఒక వరస ఆగిపోవడంలో నేను ఎక్కువ ప్రేమను చదవకూడదు, ఆ డబ్బు ఆగడానికి వేరే ఏర్పాటు ఏదైనా ఉండి ఉండొచ్చు. కానీ ఆ పిల్లవాడు అతని పేరుతో పెరిగాడు, అతని పక్కన నిలబడి పెళ్లి చేసుకున్నాడు. 1834 తర్వాత ముసలి కూలీలు చాలామంది చేరింది యూనియన్ వర్క్‌హౌస్‌కు, అంటే కొన్ని పారిష్‌లు కలిసి పేదల కోసం నడిపే పనిశాలకు, రాబర్ట్ మాత్రం విలియం ఇంట్లో ఉన్నాడు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి

చిన్న పారిష్ అయితే ఇప్పుడు మొదటి వారంలోనే పేరు వెతకడం ఆపి, అయిదేళ్ల రిజిస్టర్ మొత్తం చదువుతాను, ఒక రోజు పని, అంతే. అందులో అదే మొదటి పేరున్న ప్రతి పిల్లవాడూ చివరికి ఏమయ్యాడో పట్టిక వేస్తాను. పెద్ద పట్టణాల్లో ఇది కుదరదు, వేలల్లో ఉంటారు, అక్కడ వేరే దారులు వెతుక్కోవాలి. ఎవరినైనా కొట్టేసేటప్పుడు "తల్లిదండ్రులు కారు" అన్న గీత వేరు, "ఈ కేసుతో సంబంధం లేదు" అన్న గీత వేరు అని రెండు రంగుల్లో కొడతాను, రాబర్ట్ విషయంలో ఆ రెండూ కలిసిపోవడం వల్లే ఆలస్యమైంది. సాక్షులందరినీ వెతుకుతాను, తేలిగ్గా దొరికేవాళ్లను మాత్రమే కాదు. బంధుత్వం గడిలో ఉన్న మాటను ఆ కాలంలో ఎన్ని రకాలుగా వాడారో ఒక కాగితం రాసి గోడకు అంటించుకున్నాను. డీఎన్ఏ గుంపును పక్కన పెడితే ఎందుకు పెట్టానో ఒక వాక్యమైనా రాయాలి, రాయలేకపోతే పక్కన పెట్టకూడదు.

క్లయింట్‌కు ఈ సంగతి ఈమెయిల్‌లో పంపలేదు, ఫోన్ చేసి చెప్పాను. ఇంటిపేరు రక్తం వెంట రాలేదు, ఒక మారుతండ్రి ఇచ్చాడు అని డెబ్బై దాటిన మనిషికి చెప్పేటప్పుడు వాళ్లు అడిగేందుకు, ఆగేందుకు చోటు ఉండాలి. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న బండివాడి గురించి కాదు. "మరి రాబర్ట్ ఎక్కడ పోయాడు?" అన్నారు. నాకు అప్పటికి తెలియదు. మరణ ధ్రువపత్రం తెప్పించాను. 1857, అదే పారిష్, వయసు 70, వ్యవసాయ కూలీ. కబురు చెప్పి నమోదు చేయించిన మనిషి: విలియం 'క', చనిపోయేటప్పుడు దగ్గర ఉన్నవాడు, కింద అతని ఇంటూ గుర్తు.

కొత్త పటంలో రాబర్ట్‌ను ఎక్కడ పెట్టాలి అని మేం ఇద్దరం కొంచెం వాదించుకున్నాం. రక్తసంబంధానికి నిండు గీత, మిగతావాటికి చుక్కల గీత అనేది నేను పాటించే పద్ధతి. ఆవిడ చుక్కలు వద్దన్నారు. చివరికి రాబర్ట్ నుంచి విలియంకు నిండు గీతే గీసి, పక్కన "మారుతండ్రి" అని రాశాం. ఆవిడ తమ్ముడు వై-డీఎన్ఏ పరీక్ష (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే డీఎన్ఏది) చేయించుకుంటే బండివాడి మాట తేలవచ్చు, ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఆన్‌లైన్‌లోని పదకొండు వృక్షాలవాళ్లకూ ఆధారాలతో రాశాను, ఇప్పటికి ముగ్గురు దిద్దుకున్నారు.